ఆయన ఇంటికొచ్చేస్తానంటే నాకెందుకు గుబులు?

నెల్లూరు నుంచి ఒకామె రాసిన ఉత్తరం ఇది. పేరు బయటపెట్టొద్దన్నారు. ఎనిమిది పేజీల ఉత్తరం కాబట్టి ముఖ్యమైనంత వరకే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు నలభై ఒకటి. నెల్లూరు నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచరు. భర్త సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర రైతు కుటుంబంలో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఖడక్‌వాస్లా, డెహ్రాడూన్‌లలో శిక్షణ పూర్తిచేసి ఆఫీసరయ్యారు. ఇప్పటికి 21 ఏళ్ల సర్వీసు. పెళ్లైన కొత్తలో భటిండాలోనూ, జబల్పూరులోనూ కలిసే ఉన్నారు. డీఎస్సీలో ఉద్యోగం వచ్చాక ఆమె పిల్లలతో నెల్లూరులో ఉండిపోయారు. అబ్బాయి ఇంటర్ సెకండియర్, పాప ఎనిమిదో తరగతి. మామగారు పోయినప్పటి నుంచి అత్తగారు వీళ్ల దగ్గరే.

భర్త మంచితనం గురించే ఒకటిన్నర పేజీ రాశారు. ఎక్కడున్నా రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తారు. సిగ్నల్ లేని పోస్టులో ఉంటే వారానికో పది రోజులకో చేస్తారు. పాప లెక్క రాక తంటాలు పడుతుంటే కాగితం మీద చేసి ఫొటో తీసి పంపుతారు. జీతమంతా ఇంటి ఖాతాలోకే. సెలవుకొస్తే గేటు దాటి పోరు. "ఇంత ఇంటి ధ్యాస ఉన్న మనిషిని నేనెక్కడా చూళ్లేదు" అన్నారు.

మూడేళ్ల కిందట మామగారు పోయినప్పుడు ఆయన అరుణాచల్‌లో ఉన్నారు. వాతావరణం బాగాలేక కొండ దిగడమే ఆలస్యమైంది. చితికి నిప్పు పెట్టింది చిన్నాన్న కొడుకు. ఈయన కర్మలకు అందుకున్నారు. ఆర్నెల్ల కిందట కల్నల్ ప్రమోషన్ బోర్డు ఫలితాలు వస్తే అందులో ఆయన పేరు లేదు. ఆ రాత్రి ఫోనులో "రాలేదులే" అని, వెంటనే పాప పరీక్షల సంగతి అడిగారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మొన్న సంక్రాంతి సెలవులో, భోజనాల దగ్గర, "ఇక చాలు. ఏప్రిల్లో పేపర్లు పెట్టేస్తా. మీకోసం వచ్చేస్తా" అన్నారు. పేపర్లంటే ముందస్తు రిటైర్మెంటు దరఖాస్తు. అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. పాప ఎగిరి గంతేసింది. అబ్బాయి కంచంలోంచి తలెత్తలేదు. ఈమెకు మాత్రం గుండెలో రాయి పడ్డట్టయింది.

ఎందుకంటే, ఆ సెలవులోనే ఆయన పోపుల పెట్టెలో గిన్నెల వరస మార్చారు. వంటింటి డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించారు. ఐదున్నరకు అందరూ లేవాలన్నారు. గ్యాసు పుస్తకం, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఒక ఫైల్లోకి ఎక్కించారు. ఆయన వెళ్లాక ఆ ఫైలెక్కడుందో వెతుక్కోవడానికి ఈమెకు చుక్కలు కనిపించాయి. "ఇన్నేళ్లూ ఈ ఇల్లు ఎట్లా నడిచిందబ్బా?" అని ఆయన నవ్వుతూనే అన్నారట, ఈమెకు నవ్వు రాలేదు. అబ్బాయి ఫోను లాక్కుని బీరువాలో పెడితే వాడన్న మాట: "ఇంకో వారంలో వెళ్లిపోతారుగా డాడీ, అప్పటిదాకా మీ ఇష్టం." ఆ రాత్రి ఆయన మిద్దె మీద చాలాసేపు ఒక్కరే తిరిగారట.

వచ్చాక ఏం చేస్తారంటే, తోటపల్లిగూడూరు వైపు స్నేహితుడితో కలిసి రొయ్యల గుంటలు. పెన్షన్ కమ్యూట్ చేస్తే, అంటే అందులో కొంత భాగం ముందే ఒక్కసారిగా తీసుకుంటే, వచ్చే డబ్బు అందులో పెడతారు. ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్లుంది.

చివర్లో ఇలా రాశారు: "మా అక్క నీ అదృష్టమే అదృష్టమంటోంది. ఇంకొన్నాళ్లు ఆగితే ఎట్లా ఉంటుందని అత్తమ్మతో అన్నానో లేదో, నా బిడ్డ ఇంటికొస్తానంటే నీకేంటమ్మా నొప్పి అంది. నిజమే, నాకేంటి నొప్పి? ఎప్పుడొస్తారా అని ఇన్నేళ్లూ ఎదురుచూసింది నేనే. ఇప్పుడొస్తానంటే భయమేస్తోంది. నేను చెడ్డదాన్నా? వద్దని చెప్పొచ్చా? చెబితే ఎట్లా చెప్పాలి?"

అమ్మా, మీ ఉత్తరంలో ఆయన మీద ఒక ఫిర్యాదు కనిపిస్తే దాని పక్కనే రెండు మెచ్చుకోళ్లు కనిపించాయి. ఫిర్యాదు చేసే అర్హత మీకు లేదని మీరే తీర్పు చెప్పేసుకున్నట్టున్నారు. మంచి భర్తతో వచ్చే చిక్కు ఇదే. తాగొచ్చి గొడవ చేసేవాడైతే నలుగురిలో చెప్పుకోవచ్చు. పాపకు లెక్కలు చేసి పంపే మనిషి గురించి ఎవరితో చెప్పుకుంటారు, ఎవరు నమ్ముతారు? మీరు చెడ్డవారేమీ కారు. ఆ ప్రశ్నను ఇక్కడితో వదిలేయండి. తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

మీరు లెక్కల టీచరు కాబట్టి ఒక చిన్న లెక్క. ఆఫీసరుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 20 రోజుల క్యాజువల్ లీవు. అన్నీ మంజూరైనా, రైళ్లలో పోయేవి పోగా, ఆయన మీ ఇంట్లో ఉండేది ఏడాదికి రెండు నెలల పైచిలుకు. అదీ సంక్రాంతికో, ఎవరిదో పెళ్లికో, వేసవి సెలవులకో. అంటే ఇల్లు పండగ మీద ఉన్న రోజులే ఆయన చూశారు. మామూలు మంగళవారం సాయంత్రం మీరు బస్సు దిగి వచ్చేసరికి మోటారు పాడై ట్యాంకులో నీళ్లుండవు, అత్తగారికి మోకాళ్ల మాత్రలు అయిపోయి ఉంటాయి, పాప ట్యూషన్ నుంచి ఫోను చేస్తుంటుంది. ఆ సాయంత్రం మీరెలా నెట్టుకొస్తారో ఆయనకు తెలియదు. అలాగే, యూనిఫాం విప్పేసి, మళ్లీ ఎటూ వెళ్లక్కర్లేని మనిషిగా ఆయనెలా ఉంటారో మీకూ తెలియదు. మీ భయం ఆ తెలియనితనం గురించి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు కువైట్ వెళ్లి ఏళ్ల తరబడి సంపాదించి తిరిగొచ్చినవాళ్ల ఇళ్లల్లోనూ ఇదే గుబులు. అక్కడ ఆడవాళ్లు దాన్ని పైకి చెప్పరు, అంతే తేడా.

డబ్బాలకు పేర్లు అంటించడం మీకు పెత్తనంలా కనిపించింది. ఏ డబ్బాలో ఏముందో తనకు తెలియదు కాబట్టి అంటించుకున్నారని కూడా అనుకోవచ్చు కదా. రెండు మూడేళ్లకోసారి చోటు మారే మనిషి ఆయన. కొత్త యూనిట్‌కు వెళ్లగానే స్టోరు చూస్తారు, రిజిస్టర్లు తిరగేస్తారు, టైంటేబుల్ వేస్తారు. మీ ఇంటికి కూడా అలాగే వచ్చి చార్జి తీసుకున్నారు. పాత ఆఫీసరు బదిలీ అయి వెళ్లలేదని, ఇంకా అదే కుర్చీలో కూర్చుని ఉన్నారని ఆయన గమనించలేదు. ఇది చెబితే అర్థం చేసుకోగలిగిన మనిషిలాగే ఉన్నారు. ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, మీతో సహా.

ఇప్పుడు మీరు రాసి కూడా దాటేసిన సంగతికి వస్తాను. బోర్డు గురించి మీ ఉత్తరంలో నాలుగే నాలుగు వాక్యాలున్నాయి. నా ఉద్దేశంలో ఈ కథకు అదే కీలకం. తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ దాకా సర్వీసు కాలాన్ని బట్టి ఎక్కుతారు, 13 ఏళ్లకు ఆ ర్యాంకు వస్తుంది. కల్నల్ కావాలంటే సెలక్షన్ బోర్డు ఎంపిక చేయాలి. పైకి పోయేకొద్దీ ఖాళీలు తక్కువ కాబట్టి పనిమంతులు కూడా అక్కడ ఆగిపోతారు. ఆగినా ఉద్యోగానికి ఢోకా లేదు. 54 ఏళ్ల దాకా ఉండొచ్చు. 26 ఏళ్లు నిండితే టైం స్కేల్ కల్నల్ హోదా కూడా వస్తుంది. బయటివాళ్లకు ఇందులో పెద్దగా బాధపడాల్సింది కనిపించదు. లోపలున్న మనిషికి కనిపిస్తుంది. డెహ్రాడూన్‌లో తన పక్కన నిలబడి కవాతు చేసినవాడు బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసరవుతాడు. ఇంకో రెండేళ్లకు తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు వచ్చి తన పైన కూర్చోవచ్చు, తాను ముందు లేచి సెల్యూట్ చేయాలి. తప్పు చేసినందుకు వచ్చిన శిక్ష అయితే ఏదోలా మింగొచ్చు. దీన్ని మింగడం కష్టం.

ఆ మనిషి ఆ రాత్రి "రాలేదులే" అని మీ పాప పరీక్షల గురించి అడిగారు. మీరూ ఆయన్ను ఇంకా బాధపెట్టడం ఎందుకని తిరిగి అడగలేదు. అడగకపోవడం మర్యాదే. కానీ ఆర్నెల్లుగా ఆ మాట మీ ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

మీ మీద ప్రేమ లేక ఇదంతా చేస్తున్నారని నేననను. ప్రేమ ఉంది. తండ్రి చితి దగ్గర లేనన్న బాధ ఉంది. కొడుకన్న మాట గుచ్చుకోవడం ఉంది. బోర్డూ ఉంది. ఈ నాలుగింటిలో భోజనాల దగ్గర, అమ్మ ముందు, పిల్లల ముందు తలెత్తుకుని చెప్పగలిగేది "మీకోసం" ఒక్కటే. అదే చెప్పారు. ఆ మాట వినడానికి తీయగా ఉన్నా దాని రుణం మాత్రం మీ మీద, పిల్లల మీద పడుతుంది. రేపు అబ్బాయికి ర్యాంకు రాకపోయినా, గుంటల్లో నష్టమొచ్చినా, "వీళ్లకోసం వదిలేసుకుని వస్తే" అన్న మాట ఎక్కడో ఒకచోట లేస్తుంది. ఆయన అనకపోవచ్చు, అత్తగారు అంటారు. అందుకే ఆయన వస్తే తనకోసం కూడా వస్తున్నానని ఒప్పుకుని రావాలి. మీరు పట్టుబట్టాల్సిన విషయం ఏదైనా ఉంటే ఇదొక్కటే.

ఇక మీ ముందున్న దారులు.

ఏప్రిల్లోనే పేపర్లు పెట్టారనుకుందాం. ఆఫీసరుగా 20 ఏళ్లు దాటాయి కాబట్టి పెన్షన్ వస్తుంది. మూలవేతనానికి నెలకు 15,500 రూపాయల మిలిటరీ సర్వీస్ పే కలిపి అందులో సగం, దాని మీద డీఏ. గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ సొమ్ము ఉంటాయి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంటుంది, నెల్లూరులో దాని పాలీక్లినిక్ ఉంది. అత్తగారికి కూడా వర్తించాలంటే ఆమె ఆయన మీద ఆధారపడినవారిగా నమోదై ఉండాలి, ఆమె సొంత ఆదాయం పరిమితి లోపల ఉండాలి. మామగారి పొలం ఆమె పేరుకు మారి, కౌలు వస్తుంటే ఆ లెక్క ముందే చూసుకోండి. మీ జీతం ఎలాగూ ఉంది. కాబట్టి ఇల్లు గడవదన్న భయం అక్కర్లేదు.

పోయేవీ ఉన్నాయి. ఫీల్డ్‌లో, అంటే సరిహద్దుల్లాంటి చోట్ల, ఉన్నందుకు వచ్చే అలవెన్సులు ఆగిపోతాయి, లోను వాయిదా మాత్రం ఆగదు. ముందే వెళ్లిపోతానని అడిగితే ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు, మంజూరయ్యేదాకా ఎదురుచూడాలి. ఇంకొకటి, ఇది చాలామంది తేలిగ్గా తీసుకునేది. వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఎప్పుడు రిటైరైనా, ఒకే ర్యాంకులో ఒకే సర్వీసు చేసినవాళ్లకు ఒకే పెన్షన్) ఉత్తర్వు 2015 నవంబరు 7న వచ్చింది. అప్పటి నుంచి సొంత ఇష్టంతో ముందే వెళ్లిపోయేవాళ్లకు ఆ ప్రయోజనం ఉండదని అందులో షరతు పెట్టారు. దాని మీద న్యాయపోరాటాలు నడిచాయి. ఆయన విషయంలో ఇవాళ ఏది వర్తిస్తుందో పెన్షన్ చూసే విభాగం నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోమనండి. బ్యాచ్‌మేట్ చెప్పాడు, వాట్సాప్‌లో వచ్చింది అంటే ఒప్పుకోకండి. నలభై మూడేళ్లకు తీసుకునే పెన్షన్ ఇంకో నలభై ఏళ్లు తినాల్సినది.

రొయ్యల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మన జిల్లాలో రిటైరైన ప్రతి మూడో మనిషికీ ఎవరో ఒకరు గుంటల్లో వాటా ఇస్తామంటారు. 1990లలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య సాగు ఎలా కూలిపోయిందో మీ అత్తగారి తరానికి బాగా గుర్తుంటుంది, అడగండి. ఇప్పుడు వనామి రకం రొయ్య సాగులో ఉన్నవాళ్లూ రాత్రుళ్లు కంటినిండా నిద్రపోరు. కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య పైకి తేలిపోతుంది. అన్నీ బాగుండి పట్టుబడి మంచిగా వచ్చినా కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) ధర ఎంతన్నది రైతు చేతిలో లేదు. 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఇక్కడి గుంట గట్టు మీద ధర పడిపోయింది. ఆయన క్రమశిక్షణ గల మనిషి కాబట్టి నెగ్గుకొస్తారేమో, కాదనను. అయితే కమ్యుటేషన్ అంటే ఏమిటో మీరిద్దరూ కాగితం మీద వేసుకుని చూడాలి. పెన్షన్లో కొంత భాగాన్ని ముందే ఒక్కసారిగా తీసుకుంటారు, ఆ మేరకు నెలనెలా వచ్చేది 15 ఏళ్ల పాటు తగ్గుతుంది. ఆ డబ్బు గుంటలో పోతే నెల పెన్షన్ కూడా తగ్గినట్టే ఉంటుంది. ఒక పంటకు మూడు నాలుగు నెలలు. స్నేహితుడి గుంట దగ్గర పైసా పెట్టకుండా ఒక పంట కాలం కావలి కాసి, మేత వేసి, నీళ్లు పరీక్షించి చూసి, ఆ తర్వాత మాట్లాడమనండి. నిజంగా వాటా ఇవ్వాలనుకున్న స్నేహితుడు ఒక పంట ఆగుతాడు.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చింది. మీరిద్దరూ దీని గురించి ఆలోచించినట్టు ఉత్తరంలో లేదు. సర్వీసులోనే ఉండి దగ్గరికి రావడం. నెల్లూరులో ఎన్‌సీసీ బెటాలియన్ ఉంది. అలాంటి బెటాలియన్లకు కమాండింగ్ ఆఫీసర్లుగా సైన్యం నుంచే కల్నల్‌లు గానీ, లెఫ్టినెంట్ కల్నల్‌లు గానీ వస్తారు. అది కాకపోతే చెన్నై ఉంది, అక్కడ ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీతో పాటు ఇంకా ఎన్నో సైనిక కార్యాలయాలున్నాయి. నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటలు. సికింద్రాబాద్ అయితే ఒక రాత్రి ప్రయాణం. అడిగినంత మాత్రాన ఇస్తారని కాదు. ఫీల్డ్ టెన్యూర్ పూర్తయ్యాక వచ్చే పోస్టింగుకు ఇష్టాలు చెప్పుకునే వీలుంటుంది. తల్లి ఆరోగ్యం లాంటి బలమైన కారణాలుంటే కంపాషనేట్ గ్రౌండ్స్ మీద అడిగే పద్ధతీ ఉంది. బోర్డులో రానివాళ్లకు ఇలాంటి పోస్టింగులు కొంచెం చిన్నతనంగా అనిపిస్తాయి. అదే ఇబ్బంది, దాన్ని ఆయనే దాటాలి. కానీ శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం రాత్రి వెళ్లే తండ్రి అంటే మీ అబ్బాయికి అలవాటు కావడానికి, మీకు అలవాటు కావడానికి, ముఖ్యంగా ఆయనకు మీ ఇల్లు అలవాటు కావడానికి సమయం దొరుకుతుంది. జీతం ఆగదు. రెండేళ్ల తర్వాత కూడా రావాలనిపిస్తే అప్పుడు పేపర్లు పెట్టొచ్చు, కాస్త తేలికపడ్డ మనసుతో.

మూడోది, అబ్బాయి ఇంజినీరింగ్‌కు వెళ్లాక మీరు జీతం లేని సెలవు పెట్టి పాపతో ఆయనుండే పీస్ స్టేషన్‌కు, అంటే కుటుంబంతో ఉండగలిగే చోటికి, వెళ్లడం. అక్కడ కేంద్రీయ విద్యాలయమో, ఆర్మీ పబ్లిక్ స్కూలో ఉంటుంది. ఈ మాట మీరు ఉత్తరంలో ఎత్తలేదు. అత్తగారిని వదల్లేక ఎత్తలేదో, మీ ఉద్యోగం మీకిష్టమై ఎత్తలేదో నాకు తెలియదు. రెండోదే కారణమైతే దాన్ని సిగ్గుపడకుండా చెప్పండి. ఆయన తన ఉద్యోగం వదులుకోవడం గురించి మాట్లాడుతున్న ఇంట్లో మీ ఉద్యోగం గురించీ మాట ఉండాలి.

నాలుగోది, టైం స్కేల్ కల్నల్ వచ్చేదాకా ఇంకో ఐదేళ్లు ఇలాగే సాగించడం. డబ్బు లెక్కలో ఇదే మేలు. అప్పటికి పాప కూడా ఇల్లు దాటే వయసుకొస్తుంది. ఆయన ఎవరికోసం రావాలనుకుంటున్నారో వాళ్లు ఇంట్లో ఉండరు. అందుకని దీన్ని నేను గట్టిగా చెప్పలేను.

ఎలా చెప్పాలని అడిగారు. రాత్రి తొమ్మిది గంటల ఫోనులో చెప్పకండి. అప్పుడు పక్కన అత్తగారుంటారు, పాప ఫోను లాక్కుంటుంది, ఆయన అలసిపోయి ఉంటారు. ఉత్తరం రాయండి. ఊరు పేరు లేకుండా, యూనిట్ పేరు, 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని రాసి పంపే కవర్లు మీకు కొత్త కాదు. ఉత్తరమైతే ఆయన రెండుసార్లు చదువుతారు, వెంటనే జవాబివ్వాల్సిన పని లేదు. అందులో "వద్దు" అన్న మాట అక్కర్లేదు. బోర్డు ఫలితం వచ్చిన రాత్రి ఇంకేమైనా అడగాలనుకుని అడగలేకపోయానని రాయండి. ఆయన లేనప్పుడు ఇల్లు ఎలా నడుస్తుందో ఒక రోజు సంగతి పొద్దున్నుంచి రాత్రిదాకా రాయండి, గొప్పలు లేకుండా. "ఇన్నేళ్లూ ఎట్లా నడిచిందబ్బా" అన్న మాట మనసుకు తగిలిందని కూడా రాయండి. ఆయన నవ్వుతూ అన్నారు, మీరు నవ్వుతూ దాచుకున్నారు. అందుకే ఇవాళ ఆయనకు అర్థం కాని దూరం ఒకటి వచ్చింది. మీ గుబులు కూడా చెప్పండి. "మీరొస్తే నాకు సంతోషం, మీరు ఎలా వస్తారోనని భయం" అని మీ ఎనిమిది పేజీల ఉత్తరంలోనే ఒక చోట రాశారు. ఆ వాక్యం అలాగే దింపేయండి, నేను అంతకంటే బాగా రాయలేను.

అత్తగారి మీద కోపం పెంచుకోకండి. మొగుడి చితికి కొడుకు చేతుల మీదుగా నిప్పు పడలేదన్న బాధ ఆమెది. కొడుకు కళ్ల ముందుంటే తన సంగతైనా సక్రమంగా జరుగుతుందని ఆమె ఆశ. మీరు "ఆగితే" అన్న మాట ఆమెకు ఆ ఆశకు అడ్డంగా వినిపించింది. ఎన్‌సీసీ, చెన్నై మాటలు ముందు ఆమె చెవిన వేయండి. కొడుకు ఫోను చేస్తే వచ్చేసే దూరంలో ఉంటాడంటే ఆమే మీ తరఫున మాట్లాడొచ్చు.

అబ్బాయి విషయంలో ఒక్కటే కోరుకుంటాను. వాడికీ తండ్రికీ మధ్య మీరు దుబాసీగా నిలబడకండి. "మీ డాడీ ఉద్దేశం అది కాదురా" అని వాడికి, "వాడు చిన్నపిల్లాడు లెండి" అని ఆయనకు ఇన్నాళ్లూ మీరే సర్దిచెప్పి ఉంటారు. వాడన్న మాటలో పొగరు ఎంతుందో, "మీరు ఉండరు కదా" అన్న నిష్ఠూరమూ అంతే ఉంది. దానికి జవాబు చెప్పుకోవాల్సింది ఆయన. ఫోను బీరువాలో పెట్టడం ఎలాగూ జవాబు కాదు.

ఆయన ఇప్పుడే వచ్చేస్తానని గట్టిగా నిలబడితే, చివరి నిర్ణయం ఆయనదే. అప్పుడు కూడా ఇల్లంతా ఆయన తనిఖీకి వదలకండి, "నా వంటింట్లోకి రాకండి" అని తలుపూ వేయకండి. ఏదైనా ఒకటి పూర్తిగా అప్పగించండి. అత్తగారి వైద్యం మొత్తం, లేదా ఇంటి లోను, పన్నులు, మరమ్మతులు మొత్తం. అందులో ఆయన పద్ధతి మీకు నచ్చకపోయినా వేలు పెట్టకండి. మిగతా వాటిలో ఆయనా వేలు పెట్టరాదు. సైన్యం నుంచి బయటికొచ్చే ఆఫీసర్ల కోసం పునరావాస విభాగం ఐఐఎంలలో ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సులు చేయిస్తుంది. దానికి దరఖాస్తు చేస్తే గుంటలు కాక ఇంకే దారులున్నాయో కూడా తెలుస్తాయి.

ఏప్రిల్ గడువును మాత్రం వాయిదా వేయమని అడగండి. దానికి మీ దగ్గర మంచి కారణమే ఉంది. మార్చిలో అబ్బాయికి ఇంటర్ పరీక్షలు, ఆ వెంటనే జేఈఈ, ఈఏపీసెట్. ఆ టెన్షన్లో ఇంట్లో ఇంకో పెద్ద మార్పు వద్దంటే ఆయన కాదనరు. సంక్రాంతికి వాడినవి పోగా మిగిలిన సెలవుల్లో ఒక నెల జూలైలో పెట్టుకోమనండి. పండగలేమీ లేని, మీరు రోజూ బడికి వెళ్లే, పాప రోజూ ట్యూషన్‌కు వెళ్లే నెల అది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ కూడా అప్పుడే ఉంటుంది. ఏ కాలేజీ ముందు పెట్టాలో, ఏ బ్రాంచి తర్వాత పెట్టాలో తండ్రీకొడుకులిద్దరూ కూర్చుని తేల్చుకోనివ్వండి. మీరు ఆ గదిలోకి కాఫీ ఇవ్వడానికి కూడా వెళ్లొద్దు. పేపర్ల మాట ఆగస్టులో మాట్లాడుకోవచ్చు.